గురుతు మెట్ట

మైలపల్లి లచ్చన్నకి ఆ కొండ ముప్పయ్యేళ్ళుగా తెలుసు,
వెనకనుంచి కాదు, పక్కనుంచి కాదు,
ఇరవై బారల నీటి మీదనుంచి.
యారాడ కొండకి ఎడమగా, దాని భుజమ్మీద
నీలంగా చిన్న మూపు తేలితే
వల వెయ్యాలి. మునిగితే వెనక్కి రావాలి.
అంతే వాళ్ళ పరిచయం.

"దాని ఎనకాల ఏటుందో సూడాల" అన్నాడు
వేట నిషేధం రోజుల్లో ఓ సాయంత్రం,
ఐసు ఫ్యాక్టరీ అరుగు మీద
నా లెక్కల పుస్తకం తనే మూసేసి.

చేపల ట్రాలీ ఆటోలో బయల్దేరాం.
మూడుసార్లు కడిగాడు దాన్ని. నిమ్మచెక్కలు రుద్దాడు.
అయినా మాడుగుల్లో హల్వా పొట్లం విప్పితే
పండుగప్ప వాసనే వేసింది.

చెక్‌పోస్టు దగ్గర కుర్ర కానిస్టేబులు
గంజాయి కోసం సీటు కింద చెయ్యి పెట్టి
నైలాను వల బయటికి లాగాడు.
"కొండలో ఏం పడతావ్ దీంతో?"
లచ్చన్న నిజంగానే కాసేపు ఆలోచించాడు.
"అలవాటు బావూ."

తారు అయిపోయింది. తర్వాత కంకర అయిపోయింది.
ఆపైన దారంటే గడ్డి పెరగని చోటు.
కల్వర్టు పక్కన కిలోమీటరు రాయి
ఊరి పేరు పోగొట్టుకుని
సున్నా ఒక్కటే దాచుకుంది.
అక్కడ ఆగాం. సున్నా నచ్చి కాదు,
ఆటో ఇక కదలనంది.

రెండు చెట్ల మధ్య టార్పాలిన్ కట్టాడు, వల ముడులతో.
గాలొస్తే బిగుస్తాయవి,
తెలిసిన చెయ్యి లాగితేనే విడతాయి.
మూడు రాళ్ళ మీద అన్నం. పొగంతా నా కళ్ళలోకి.
నిప్పుల మీద ఎండు నెత్తళ్ళు వేసేసరికి
అడవి ఒక్కసారి మావైపు ముక్కు తిప్పినట్టయింది.

పడుకున్నాక అతని గొంతు:
"సుక్కలు నేవు."
ఆకులున్నాయి, ఆకుల మీద ఆకులున్నాయి.
అమావాస్యనాడు నడిసముద్రంలో ఇంజనాగినా
బీడీ వెలిగించుకునే మనిషి
గట్టి నేల మీద పడుకుని
"మనం ఎటేపు తలెట్టినాం?" అని రెండుసార్లు అడిగాడు.
నాకూ తెలీదు. తూర్పని చెప్పాను.

గాలి లేచింది. దూరంగా పుట్టి,
చెట్ల మీదుగా పెరుగుతూ, దగ్గరికొస్తూ,
మా మీదుగా విరక్కుండా వెళ్ళిపోయింది.
అల అయితే విరిగేది.
ప్రతిసారీ అతను ఊపిరి బిగపట్టి
విరగడం కోసం ఎదురుచూడ్డం వినిపించింది నాకు.

మూడోజామున ఏదో వచ్చింది.
ట్రాలీ రేకు మీద నాలుక చప్పుడు,
గరగరా, తీరిగ్గా, మూలమూలా,
పదేళ్ళ చేపల్ని ఒక్కొక్కటే తింటున్నట్టు.
ఒకరి మోచెయ్యి ఒకరం పట్టుకున్నాం.
దాని పేరు మాత్రం మనసులో కూడా అనుకోలేదు.
అది వెళ్ళిన చాలాసేపటికి
"నాకన్నా బాగా కడిగింది" అన్నాడు లచ్చన్న.
నవ్వాపుకోడానికి దుప్పటి కొరికాను.

తెల్లారి అడ్డాకుల కోసం వచ్చింది పాంగి సొంబారి,
చేతిలో కత్తి, వెనక కుక్క.
"రోడ్డు మీద పడుకున్నారేటి, ఊళ్ళో ఇళ్ళు లేవా?"
మిగిలిన నెత్తళ్ళు చేతిలో పెడితే వాసన చూసి
"సంతలోవి ఇంకా ఉప్పు" అంది.
కుక్కకొకటి, మిగతావి కొంగుకి.

లచ్చన్న అడిగాడు, ఇది అడగడానికే వచ్చినట్టు:
"ఈ మెట్టెక్కితే సముద్రం అగుపిస్తాదా?"
"పక్కూరే అగుపించదు."
"దీని పేరేటి?"
ఆమె చుట్టూ చూసింది.
"ఏ మెట్టకి?"

అప్పుడు చూశాం మేమూ.
ఎటు తిరిగినా వాలు, వాలు నిండా చెట్లు,
మంచులో ఒకదాని నడుం మీద ఇంకొకటి చెయ్యేసిన కొండలు.
ఆ నీలం మూపు ఎక్కడా లేదు.
దాని లోపలున్నామో, దాటొచ్చేశామో.

జూన్ నడిమికి మళ్ళీ వేట.
సిగ్నలు ఆఖరి గీత దగ్గరనుంచి ఫోను చేశాడు.
"మెట్ట తేలింది."
ఊఁ అన్నాను.
కాసేపు ఇంజను చప్పుడు.
"ఆ సొంబారమ్మ ఈపాటికి పొయ్యెలిగించుంటాది."
వల వేశాడో లేదో అడగడం మర్చిపోయాను.
ఐసు లెక్కల్లో ఆ పేజీకి తేదీ లేదు.